నడుం కొలిచే టేపుకు చిక్కని జబ్బులు: ఉమ్మడి ప్రకాశం వైద్యాధికారులకు బహిరంగ లేఖ

ఉమ్మడి ప్రకాశం ప్రాంతంలోని కలెక్టర్లకు, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులకు, ఎన్‌సీడీ (అంటుకోని జబ్బుల) కార్యక్రమం చూసే అధికారులకు నమస్కారాలు.

నర్సింగ్ కాలేజీల్లో కమ్యూనిటీ హెల్త్ పాఠం చెప్పేవాళ్లం, విలేజ్ క్లినిక్‌లలో, పీహెచ్‌సీల్లో పనిచేస్తున్నవాళ్లం, చేసి రిటైరైనవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. జీతాలూ బదిలీల సంగతి ఇందులో లేదు. వాటికి వేరే దారులున్నాయి. ముప్పై దాటిన ప్రతి మనిషికీ ఊళ్లో నింపుతున్న సీబ్యాక్ ఫారం మన ప్రాంతపు జబ్బుల్ని పట్టుకోలేకపోతోంది. దానికి ఒక అరపేజీ చేర్చమనీ, ఆ అరపేజీలో తేలినదాని మీద ఊరి నర్సు వెంటనే ఏం చెయ్యొచ్చో రాతపూర్వకంగా ఇమ్మనీ అడుగుతున్నాం.

ఫారమే తప్పని మేం అనడం లేదు. షుగరు, బీపీ, గుండెజబ్బుల ముప్పు ఎవరికి ఎక్కువో చూసుకోవడానికి తయారైన కాగితం అది. వయసు, పొగాకు, మందు అలవాటు, నడుం కొలత, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ, అమ్మానాన్నలకో తోబుట్టువులకో బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా అన్న ప్రశ్న, ఇంతే. రోజూ పొగాకు వాడితే 2 మార్కులు. నడుం ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే 1, 90 దాటితే 2. మగవాళ్లకు ఆ గీతలు 90, 100 దగ్గర ఉంటాయి. కుటుంబంలో జబ్బుంటే 2. మొత్తం 4 దాటినవాళ్లను ముందు పిలవాలి. దాటనివాళ్లకూ పరీక్ష చెయ్యాల్సిందే, స్కోరు ఉన్నది ఎవరు ముందు ఎవరు తర్వాత అని తేల్చడానికే. టార్గెట్ల తొందరలో మాత్రం "నాలుగు రాలేదు గదా" అని పక్కన పెట్టడం అలవాటైపోయింది.

ఇప్పుడు పామూరు వైపు పల్లెలో నలభై రెండేళ్ల కూలీ మనిషిని ఊహించండి. నడుం 74 సెంటీమీటర్లు. పొగాకు నమలదు, మందు ముట్టదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో పనే కాబట్టి శ్రమ సంగతి అడగక్కర్లేదు. ఇంట్లో ఎవరికీ షుగరు లేదు. వయసుకు వచ్చే ఒకటో రెండో తప్ప ఆమెకు మార్కులేమీ రావు. కానీ ఆమె తాగేది బోరు నీళ్లు. వారంలో నాలుగు రోజులు ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ బిళ్ళ వేసుకుంటుంది. చిన్నాన్న డయాలసిస్ మీద ఉన్నాడు. ఫారం ప్రకారం ఆమె ఆరోగ్యవంతురాలు. కాళ్లు వాచి, ఆకలి చచ్చి, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోయాల్సిన వ్యర్థం) 6 దగ్గర ఆమె ఒంగోలు చేరేనాటికి కిడ్నీ కాపాడుకునే రోజులు గడిచిపోయి ఉంటాయి.

ఈ ప్రాంతానికి నీళ్ల కథ కొత్తది కాదు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970లో ఈ జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోనివే. హద్దులు ఇన్నిసార్లు మారాయి గానీ బోర్లలో నీళ్లు మారలేదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఫ్లోరైడ్ ఉండాలనీ, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా ఓర్చుకోవచ్చనీ భారతీయ ప్రమాణం చెబుతుంది. నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో దాని పాలు ఇంకాస్త పెరుగుతుంది. "కాచి తాగండి" అని అన్ని ఊళ్లలో ఒకే పాఠం చెప్పించే ముందు ఈ తేడా ఆశా కార్యకర్తలకు తెలియాలి.

ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకల్నీ పాడుచేస్తుందన్నది రుజువైన సంగతి. కిడ్నీ జబ్బుకు అదే కారణమని మాత్రం తేలలేదు. షుగరూ బీపీ లేకుండా పల్లె కూలీలకు వచ్చే కిడ్నీ జబ్బు విషయంలో ఎండ, ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు, పురుగుమందులు, నీళ్లలోని లోహాలు అన్నిటినీ అనుమానిస్తున్నారు. తేలినంత మటుకు చెప్పాలంటే, కిడ్నీ బలహీనపడినవాళ్ల ఒంట్లోంచి ఫ్లోరైడ్ సరిగా బయటికి పోదు, కాబట్టి ఎముకల మీద దాని దెబ్బ ఇంకా ఎక్కువ. కారణం తేలేదాకా చేతులు కట్టుకుని కూచోవాల్సిన పనిలేదు. రిస్క్ ఫ్యాక్టర్ అంటే జబ్బుకు కారణమని తీర్పు చెప్పడం కాదు, ఎవరి వైపు ముందు చూడాలో తెలుసుకోవడం. నర్సింగ్ మొదటి ఏడాదిలోనే మా పిల్లలకు చెప్పే మాట ఇది: ముందు అంచనా, తర్వాత సమస్య గుర్తింపు, ప్రణాళిక, అమలు, ఫలితం చూసుకోవడం. అంచనా కాగితమే గుడ్డిదైతే మిగిలిన నాలుగు మెట్లూ దండగ.

అందుకే ఆ అరపేజీ. అందులో ఏముండాలో చెబుతాం.

మొదటి ప్రశ్న నొప్పుల బిళ్ళల గురించి. "మందులు వాడుతున్నారా" అని అడిగితే "లేదమ్మా" అంటారు, ఎందుకంటే నొప్పి బిళ్ళ వాళ్ల లెక్కలో మందు కాదు. "ఒళ్లు నొప్పులకు ఏం వేసుకుంటారు, వారంలో ఎన్నిసార్లు, కాగితం ఉంటే చూపించండి, సూది వేయించుకుంటారా" అని అడగాలి. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ కిడ్నీలోకి రక్తం పోయే దారిని ఇరుకు చేస్తాయి. నీళ్లు నిండుగా తాగి నీడన ఉన్న మనిషికి అప్పుడప్పుడూ ఒక బిళ్ళ పెద్ద లెక్క కాదు. మే నెల ఎండలో చెమటోడ్చి, దానికి తోడు బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ (నీరు పోయే మందు) కలిసిన మాత్ర వేసుకుంటున్న మనిషి పైన ఈ బిళ్ళ కూడా మింగితే, మూడూ కలిసి కొద్ది రోజుల్లోనే కిడ్నీని పడగొట్టగలవు. బదులు పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు, రోజుకు మొత్తం 3 గ్రాములు మించకుండా చెప్పొచ్చు. లివర్ జబ్బున్నవాళ్లకూ తాగుడు అలవాటున్నవాళ్లకూ అది కూడా డాక్టర్ని అడిగే.

రెండో ప్రశ్న ఇంట్లో గానీ దాయాదుల్లో గానీ ఎవరికైనా కిడ్నీ జబ్బుందా, డయాలసిస్ మీద ఎవరైనా పోయారా అని. సీబ్యాక్‌లో కుటుంబ చరిత్ర అడుగుతారు గానీ కిడ్నీ మాట అందులో లేదు. మూడోది నీళ్లు: తాగేవీ వండేవీ వేరువేరుగా అడగాలి. క్యాన్ నీళ్లు తాగే ఇంట్లో కూడా అన్నం, పప్పు బోరు నీళ్లతోనే ఉడుకుతాయి. ఆ ఫ్లోరైడ్ కూడా కడుపులోకే పోతుంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు ఇంటింటికీ వచ్చేదాకా ఈ ప్రశ్న కొట్టెయ్యడానికి వీల్లేదు. నీళ్ల ప్రశ్న పక్కనే ఒక నిమిషం పరీక్ష రాయొచ్చు: మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోమనాలి, గడ్డం ఛాతీకి ఆనించమనాలి, రెండు చేతులూ తల వెనక్కి పెట్టమనాలి. ఈ మూడింట్లో ఏది రాకపోయినా ఫ్లోరోసిస్ అనుమానించి పైకి పంపాలి. దీనికి పరికరం అక్కర్లేదు, కూచునే చోటు కూడా అక్కర్లేదు.

నాలుగోది పని. కొత్త ఫారంలో పొగ, దుమ్ము ఉండే పనుల మాట ఒకచోట ఉంది, ఇటుక బట్టీలూ గాజు ఫ్యాక్టరీలూ ఉదాహరణగా. దానికి మార్కులు లేవు, మన ఊళ్ల పనులు అందులో లేవు. మార్కాపురంలో పలకలు కోసి నునుపు చేసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్ములో సిలికా ఉంటుంది. అది చేసిన గాయం మానదు, పని మానేసినా ముదురుతుంది. సిలికా దుమ్ము పీల్చినవాళ్లకు టీబీ ముప్పు మామూలు మనుషుల కంటే ఎక్కువ. కాబట్టి పలకల పని చేసే మనిషికి రెండు వారాలు దగ్గుంటే సిరప్పు ఇచ్చి పంపకూడదు, తెమడ పరీక్షకు పంపాలి. టీబీ లేదని తేలినంత మాత్రాన సంగతి ముగిసినట్టూ కాదు, ఛాతీ ఎక్స్‌రేకి పంపుతూ చీటీ మీద "పలకల పని, ఇన్నేళ్లు" అని రాయాలి. ఆ ఒక్క మాట లేకపోతే చూసే డాక్టరుకు సిలికోసిస్ ఆలోచనే రాదు. నీళ్లు చల్లుతూ కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. ముఖానికి కట్టుకున్న తువ్వాలు సన్నటి సిలికాను ఆపదు.

పొగాకు గురించి ఫారం "తాగుతారా, నములుతారా" అని అడిగి ఊరుకుంటుంది. టంగుటూరు, కొండపి చుట్టుపక్కల పచ్చాకు కోసే ఆడకూలీల్లో చాలామంది తాగరు, నమలరు. మంచు పడ్డ ఆకును పొద్దున్నే చంకన ఇరికించుకుని మోస్తే తడిలో కరిగిన నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. ఆ పూటో రాత్రికో తల తిరగడం, వాంతులు, తలనొప్పి, గుండె దడ. పని చోట "ఎండదెబ్బ" అనేసి సెలైన్ ఎక్కిస్తారు. ఎండదెబ్బయితే ఒళ్లు కాలుతుంది, మాట తడబడుతుంది. ఆకు విషమైతే సాధారణంగా జ్వరం ఉండదు, పైగా అదే ముఠాలో మరో ఇద్దరు ముగ్గురికి అదే బాధ ఉంటుంది. తడి బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, ఆకుకు దూరంగా ఉంచితే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మంచు ఆరాక కోత మొదలుపెట్టడం, ప్లాస్టిక్ పట్టా చుట్టుకోవడం, తడిసిన జాకెట్టు మార్చుకోవడం, ఇవి చెప్పడానికి నర్సు చాలు. గర్భిణులు ఈ పనికి పోతున్నారా అన్నది ఏఎన్‌సీ కార్డు మీదే రాసుకోవాలి.

ఇక వయసు. ముప్పై దాటాకే అన్న గీత షుగరుకూ బీపీకీ సరిపోతుందేమో గానీ, పదిహేడేళ్లకే పలకల్లోకో పొగాకు బ్యారన్ల దగ్గరికో పోయేవాడికి సరిపోదు. ఈ పనులవాళ్లకు 20 నుంచే అరపేజీ నింపాలి.

ప్రశ్నలు అడగడం తేలిక. "అవును" అన్న మనిషిని ఏం చెయ్యాలన్న దగ్గరే అసలు చిక్కు. మూత్రంలో డిప్‌స్టిక్ పట్టీ ముంచి అల్బుమిన్ (ప్రొటీన్) లేదు కాబట్టి కిడ్నీ బాగుందని పంపేస్తున్నారు. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో అల్బుమిన్ ముందే కనబడొచ్చు. పల్లె కూలీలకు వచ్చే ఈ జబ్బు కిడ్నీలోని సన్నటి గొట్టాల్ని తింటుంది, అల్బుమిన్ కొద్దిగానే పోతుంది లేదా అసలు పోదు. పట్టీ రంగు మారలేదని ధీమా పడకూడదు. ఏడాదికి ఒకసారి రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే.

క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసినా మోసపోతాం. రిపోర్టు మీద 1.2 అని ఉంటుంది, పక్కన నార్మల్ అని అచ్చవుతుంది. 2021 నాటి సీకేడీ-ఈపీఐ లెక్కలో పెడితే పాతికేళ్ల మగవాడికి ఆ 1.2 అంటే ఈ-జీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంచనా) 86 దాకా ఉంటుంది, బెంగ లేదు. నలభై అయిదేళ్ల ఆడమనిషికి అదే 1.2 అంటే 57. అరవై కంటే తక్కువ మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే. కండ లేని బక్కమనిషికి అసలు వడపోత ఈ లెక్క చూపించిన దానికంటే ఇంకా తక్కువగా ఉండొచ్చు. కాబట్టి ల్యాబులకు మా మనవి: క్రియాటినిన్ పక్కన వయసు, ఆడా మగా చూసి ఈ-జీఎఫ్ఆర్ లెక్కగట్టి అచ్చువెయ్యండి. కంప్యూటర్లో ఒకసారి సూత్రం పెడితే చాలు, దమ్మిడీ ఖర్చుండదు. అరవై కంటే తక్కువొస్తే నొప్పి బిళ్ళలు ఆపించి రెండు వారాల్లో మళ్లీ చూడాలి, ఎందుకంటే అది విరేచనాల వల్లో ఎండ వల్లో వచ్చిన తాత్కాలికపు దెబ్బ కావచ్చు. మూడు నెలలకు మరోసారి. ముప్పై కంటే తక్కువైతే గానీ, వేగంగా పడిపోతుంటే గానీ ఆగకుండా కిడ్నీ డాక్టరు దగ్గరికి.

రక్తం ఊళ్లో తీసి పీహెచ్‌సీకో సీహెచ్‌సీకో పంపేటప్పుడు జరిగే తప్పులు కూడా చెప్పాలి. యాంటీకోయాగ్యులెంట్ (రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం) లేని గొట్టంలో 2 నుంచి 3 మిల్లీలీటర్లు తీసి, అరగంట కదల్చకుండా నిలబెట్టి గడ్డకట్టనివ్వాలి. ఆశా బండి మీద ఎండలో కుదుపుతూ పోతే రక్తకణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది. అప్పుడు పొటాషియం అబద్ధంగా పెరిగి కనబడి అనవసరపు పరుగులు పెట్టిస్తుంది. సీరం రెండు గంటల్లో విడదీయాలి. ఒక మనిషికి ప్రతిసారీ అదే ల్యాబు ఉంటే మంచిది, పద్ధతి మారితే అంకె మారుతుంది.

ఒకసారి కిడ్నీ జబ్బని తేలిన మనిషి చేతి సిరల సంగతి నర్సులే చూసుకోవాలి. రేపు డయాలసిస్‌కు ఫిస్టులా వెయ్యాల్సి (సిరను ధమనికి కలిపి కుట్టాల్సి) వస్తే మామూలుగా ఎడమ ముంజేతి సిరే కావాలి. ప్రతి జ్వరానికీ అక్కడే సూది గుచ్చి సెలైన్ పెట్టి ఆ సిరను కొరగాకుండా చేస్తున్నారు. రక్తం తీసినా, క్యాన్యులా పెట్టినా అరచేతి వెనక భాగంలోనే. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, ఆ చేత్తో బరువు మోయకూడదు, దాని మీద తల పెట్టుకుని పడుకోకూడదు. రోజూ పొద్దున ఫిస్టులా మీద వేలు ఆనించి రక్తం పారే గిరగిర తెలుస్తుందో లేదో రోగి చేతనే చూడనివ్వాలి. తెలియకపోతే అదే రోజు ఫోను. ఇవన్నీ ఒక చీటీ మీద ఇంటికి పోవాలి.

కొలతల దగ్గరికి వద్దాం. అరపేజీ ఎంత బాగున్నా దాని పక్కన రాసిన బీపీ అబద్ధమైతే ఏం లాభం? మనిషి వీపు ఆనించుకుని, కాళ్లు నేలకు ఆనించి, మాట్లాడకుండా అయిదు నిమిషాలు కూచోవాలి. అంతకు అరగంట ముందు టీ, చుట్ట లేకుండా, మూత్రానికి పోయొచ్చాక. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో. చొక్కా మీంచి కాదు, ఒంటి మీద. నిమిషం తేడాతో రెండుసార్లు. చెయ్యి కిందికి వేలాడితేనో, మనిషి మాట్లాడుతుంటేనో పది పాయింట్లు ఎక్కువ చూపించడం మామూలే. ఎన్‌సీడీ క్యాంపు రోజు అరుగు మీద వరసలో నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరికి చుట్టి తీసేది బీపీ కాదు.

అన్నిటికంటే పెద్ద తప్పు పట్టీ సైజు. క్లినిక్‌లలో ఉన్నది ఒక్క సైజే, భుజం చుట్టుకొలత 27 నుంచి 34 సెంటీమీటర్ల వాళ్లకు సరిపోయేది. మన కూలీ ఆడవాళ్ల చేతులు చాలామందివి 22, 23. వాళ్లకు ఆ పట్టీ పెద్దది. చేతికి మించిన పట్టీ బీపీని తక్కువ చేసి చూపిస్తుంది. 142 ఉన్న మనిషి 138 అని రాయించుకుని ఇంటికి పోతుంది. లావు చేతివాళ్లకు ఉల్టా, లేని బీపీ వస్తుంది. ఒక్కో క్లినిక్‌కు 22 నుంచి 26 సైజు పట్టీ ఒకటి, 35 నుంచి 44 సైజు ఒకటి ఇండెంటు పెట్టండి. చుట్టుకొలత కొలవడానికి నడుం టేపే చాలు.

పర్యవేక్షణకు వచ్చే అధికారులకు ఒక చిట్కా. రిజిస్టరు తెరిచి వంద బీపీల చివరి అంకెలు చూడండి. డిజిటల్ మిషన్‌తో నిజంగా తీస్తే సున్నాతో ముగిసేవి వందకు పది దగ్గర ఉంటాయి. పాదరసం మిషన్‌తో అయితే సరిసంఖ్యలే వస్తాయి కాబట్టి ఇరవై దగ్గర. అరవై, డెబ్బై సున్నాలు కనబడితే, 120/80, 130/80 బారులు తీరి ఉంటే, అక్కడ పట్టీ విప్పలేదనో, అంకెను గుండ్రం చేసి రాశారనో అర్థం. మెమో ఇచ్చే ముందు ఆ రోజు ఆమెను ఎన్ని యాప్‌లు నింపమన్నారో కూడా అడగండి.

గ్లూకోమీటరు గురించి రెండు మాటలే. స్ట్రిప్పు డబ్బా 30 డిగ్రీలు దాటకుండా మూతపెట్టి ఉంచాలి; మే నెలలో బండి డిక్కీలో తిరిగిన స్ట్రిప్పుల అంకెను నమ్మలేం. మామిడిపండు తిన్న చెయ్యి కడక్కుండా గుచ్చితే షుగరు 300 చూపించినా ఆశ్చర్యం లేదు, సబ్బూ నీళ్లూ వాడి ఆరనిచ్చాకే గుచ్చాలి. రక్తం బాగా తక్కువున్న మనిషికి మీటరు ఎక్కువ చూపిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అధికారం సంగతి. విలేజ్ క్లినిక్‌లో కూచున్న ఎంఎల్‌హెచ్‌పీ ఎక్కువగా బీఎస్సీ నర్సింగ్ చదివి, పైన ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ చేసిన అమ్మాయి. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌కు పరిమిత లైసెన్సు మాట చెప్పింది: ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్ణయించిన మందులు సొంతంగా రాయొచ్చు, మిగిలినచోట డాక్టరు పర్యవేక్షణలోనే. ఆయుష్మాన్ కార్యక్రమం సబ్‌సెంటర్ స్థాయికి 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు లెక్కగట్టింది. మందులున్నాయి, మనిషి ఉంది. ఏ మందు ఏ పరిస్థితిలో ఆమె ఇవ్వొచ్చు, ఎప్పుడు ఆపాలి అన్న జిల్లా స్థాయి కాగితం మాత్రం ఆమె చేతిలో లేదు. ఉన్నది వాట్సాప్ ఆదేశాలు. అందుకే ధైర్యమున్న అమ్మాయి హద్దు దాటుతోంది, భయమున్న అమ్మాయి ప్రతి బీపీనీ పైకి పంపుతోంది. రెండూ రోగికి నష్టమే.

రెండు పేజీల స్టాండింగ్ ఆర్డరు (ముందే రాసిచ్చే ఆదేశం) చాలు. డాక్టరు మొదలుపెట్టిన బీపీ మాత్రల్ని, కొలత 140/90 లోపుంటే, 30 రోజులకు ఆమె కొనసాగించొచ్చు. దాటితే ఈ-సంజీవని వీడియో వైద్యంలో అదే రోజు డాక్టరుతో మాట్లాడి మార్చాలి. 180/110 దాటితే కాసేపు కూచోబెట్టి మళ్లీ తీయాలి. అప్పుడూ అంతే ఉండి ఛాతీ నొప్పో, ఆయాసమో, చూపు మసకో, చెయ్యీ కాలూ పడిపోవడమో ఉంటే 108. ఏదీ లేకపోతే అదే రోజు డాక్టరు. నిఫెడిపిన్ గుళిక చిదిమి నాలుక కింద వెయ్యడం ఇంకా కొన్నిచోట్ల చూస్తున్నాం. బీపీ ఒక్కసారిగా కూలిపోయి మెదడుకు రక్తం అందక పక్షవాతం రావొచ్చు. ఆ పని నిషేధమని స్టాండింగ్ ఆర్డర్లో పెద్ద అక్షరాలతో ఉండాలి.

అమ్లోడిపిన్ వేసుకునేవాళ్లకు పాదాలు వాస్తాయి; అది కిడ్నీ వాపని భయపడి మానేస్తారు, కిడ్నీ వాపే అయినా మాత్ర వాపేలే అని ఊరుకుంటారు. తేడా తేల్చేది మళ్లీ క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలే. టెల్మిసార్టన్ మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు అది ఇచ్చేముందు నెలసరి ఎప్పుడొచ్చిందో అడగాలి, కడుపులో బిడ్డ కిడ్నీలకు ఆ మందు ముప్పు. వాంతులు విరేచనాల రోజుల్లో టెల్మిసార్టన్, నీరు పోయే మాత్ర, మెట్‌ఫార్మిన్ ఆపి, తిండీ నీళ్లూ మామూలయ్యాక మళ్లీ మొదలుపెట్టమని చెప్పే అధికారం ఆమెకు రాతలో ఉండాలి. ఇది లేకపోవడం వల్ల మంచి మాత్రే వేసవిలో చెడు చేస్తోంది.

నర్సుకు ఇంత పెద్ద పని ఎలా అప్పజెబుతామని కొందరు డాక్టర్లు అంటారు. నర్స్ ప్రాక్టీషనర్ (పై చదువుతో సొంతంగా రోగుల్ని చూసే నర్సు) చదువు 1965లో అమెరికాలోని కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టింది డాక్టర్లు అందని పిల్లల కోసమే. మన దేశంలో క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ రెసిడెన్సీ ఉంది, మిడ్‌వైఫరీలో పద్దెనిమిది నెలల శిక్షణ ఉంది. 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీకి జాతీయ కమిషన్ చట్టం కూడా వచ్చింది. ఆరు నెలల సర్టిఫికెట్ నర్స్ ప్రాక్టీషనర్ చదువుకు సమానం కాదని మేమూ ఒప్పుకుంటాం. పీజీ స్థాయి చదువు, పర్యవేక్షణలో గడిపిన క్లినికల్ గంటలు లేకుండా ఆ పేరు పెట్టుకోకూడదు. పేరు ఇవ్వకుండా పని మాత్రం అంతా చేయించుకుంటున్నారు, అదే మా అభ్యంతరం. ఏటా కొందరు ఎంఎల్‌హెచ్‌పీలను జీతంతో సెలవిచ్చి ఆ చదువులకు పంపండి, తిరిగొచ్చాక కిడ్నీ, బీపీ, షుగరు రోగుల జాబితా ఎక్కువున్న పీహెచ్‌సీల్లో వాళ్లకు ప్రత్యేక క్లినిక్ ఇవ్వండి. చదివొచ్చిన మనిషిని మళ్లీ ఆధార్ లింకు పనికి కూచోబెడితే రెండో బ్యాచికి ఎవరూ ముందుకు రారు.

పైకి పంపిన మనిషి తిరిగొచ్చినప్పుడు ఏం జరిగిందో ఊరి నర్సుకు తెలియడం లేదు. ఒంగోలు నుంచో గుంటూరు నుంచో ఇంగ్లీషులో నాలుగు గీతలున్న కాగితం రోగి సంచిలో నలిగి ఉంటుంది. పంపేటప్పుడు చీటీలో కింది సగం ఖాళీగా ఉంచి, చూసిన డాక్టరు అక్కడ జబ్బు, మందు, మళ్లీ రావాల్సిన తేదీ, ఊళ్లో నర్సు చెయ్యాల్సింది అని నాలుగు వరసలు నింపి పంపేలా ఆదేశించండి. పద్నాలుగు రోజుల్లో తిరిగి రాని చీటీల పేర్లు ఏఎన్‌ఎం ఇంటింటికీ అడగాలి.

అన్ని మండలాల్లో ఒకేసారి వద్దు. పామూరు, వెలిగండ్ల, చంద్రశేఖరపురం మండలాల్లో మొదలుపెట్టండి, ఎండలు ముదరకముందే. అరపేజీ, రెండు సైజుల పట్టీలు, క్రియాటినిన్ గొట్టాలు, రెండు పేజీల ఆర్డరు, ఇంతే సరంజామా. మూడు నెలలయ్యాక ఎన్ని ఫారాలు నిండాయని అడగొద్దు. సీబ్యాక్‌లో 4 దాటని వాళ్లలో ఈ-జీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ ఎంతమందికి వచ్చింది, వాళ్లలో నొప్పి బిళ్ళ మానినవాళ్లు ఎందరు, రెండోసారి రక్తం ఇచ్చినవాళ్లు ఎందరు అని మూడు లెక్కలు తెప్పించుకోండి. అరపేజీ ముసాయిదా, స్టాండింగ్ ఆర్డరు ముసాయిదా మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. కిడ్నీ డాక్టర్లు దిద్దడానికి వీలుగా వరసల మధ్య ఖాళీ వదిలి టైపు చేయించాం. మీ తర్వాతి ఎన్‌సీడీ సమీక్ష సమావేశానికి పిలిస్తే తెచ్చి బల్ల మీద పెడతాం.

ఇట్లు,
ఉమ్మడి ప్రకాశంలో పనిచేస్తున్న, పనిచేసిన కొందరు నర్సులు, నర్సింగ్ అధ్యాపకులు